షష్టిపూర్తి కేక్‌కి పంచదార మోకు: నా మూడు వారాల డైరీ

జులై 29, మంగళవారం

ఆర్డర్ వచ్చింది. మా నర్సాపురానికి గోదారి అవతల సఖినేటిపల్లి వైపు నుంచి, రేవులో ఏళ్ల తరబడి పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పడవ) నడిపిన సరంగు గారికి షష్టిపూర్తి అంట, పిల్లలు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశారు. రెండు అంతస్తుల కేక్, కింద 10 అంగుళాలు, పైన 6 అంగుళాలు, పైన తెల్లటి ఫాండెంట్ (కేక్ మీద కప్పే పంచదార ముద్ద), ప్రతి అంతస్తు మొదట్లో చుట్టూ తాడు బోర్డర్. ఇక్కడిదాకా బానే ఉంది, ఇలాంటివి చేసిన అలవాటే. కానీ చివర్లో వాళ్ల అమ్మాయి ఒక మాటంది చూడండి, "అక్కా, అది డిజైన్ తాడులా కాదు, నాన్న పంటుకి కట్టే మోకులా ఉండాలి, నాన్న చూసి గుర్తుపట్టాలి" అని. సరేనమ్మా అనేశాను. ఫోన్ పెట్టేశాక అనిపించింది, నలభై ఏళ్లు మోకు పట్టుకున్న చేతులకి పంచదార తాడు చూపించి మోకే అనిపించడం ఏంట్రా బాబూ అని.

ఇంకో షరతు కూడా ఉంది. ఆ రోజు పూజ కాబట్టి గుడ్డు వద్దు, జెలటిన్ వద్దు. అంటే పచ్చ చుక్క ఉన్న ఫాండెంటే వాడాలి. జెలటిన్ లేనిదాంట్లో బంకలు వేస్తారు, నాకు తెలిసినంతలో అది సాగడం కాస్త తక్కువ, మెలి తిప్పితే ముందు బీటలు ఇచ్చేది అదే. కేక్ ఆగస్టు 17 ఆదివారం పొద్దున్నకి కావాలి. మధ్యలో వరలక్ష్మీ వ్రతం ఉంది, ఆ రెండు రోజులు నేను వంటింట్లో వేరే పని ముట్టుకోను. కాబట్టి ఇవాళే డైరీ మొదలు, రాసుకోకపోతే ఏ రోజు ఏం కలిపానో నాకే గుర్తుండదు.

జులై 31, గురువారం

ముందు లెక్క. కేక్ 10 అంగుళాలే అయినా గనాష్ (చాక్లెట్, క్రీం కలిపింది) పూత, దాని మీద ఫాండెంట్ కలిపి పదిన్నర అవుతుంది. పదిన్నరని 3.14 తో గుణిస్తే 33 అంగుళాలు, అంటే దాదాపు 84 సెంటీమీటర్లు. పైది ఆరున్నర, 52 సెంటీమీటర్లు. చాలామంది ఉత్త కేక్ టిన్ను కొలత పట్టుకుని తాడు చేసుకుంటారు, చుట్టాక వెనక రెండు వేళ్ల ఖాళీ మిగులుతుంది, అప్పుడు అక్కడ ఒక పువ్వు అతికించి కవర్ చేస్తారు. నేనూ చేశాను ఒకప్పుడు, అందుకే తెలుసు.

ఇవాళ్టి ప్రయోగం జంతికల గొట్టం. క్లే గన్ అని ఫాండెంట్‌ని తీగలా నొక్కే గొట్టం చిన్నది ఉంది నా దగ్గర, దాంతో నా బొటనవేలు వాచిపోతుంది తప్ప మీటరు పొడవు ఒకేలా రాదు. జంతికల గొట్టం ఇత్తడిది, అత్తయ్య గారిది, దాని బలమే వేరు. ఒకే చిల్లు ఉన్న నక్షత్రం బిళ్ల వేసి, ఫాండెంట్‌ని ఓ చెంచాడు డాల్డాతో మెత్తగా మర్దించి, మైక్రోవేవ్‌లో ఐదు సెకన్లు వెచ్చబెట్టి, తిప్పాను. బలే వచ్చిందండి, గీతలు గీతలుగా, దాన్ని రెండు చేతులతో అటూ ఇటూ మెలి తిప్పితే ఒంటి పేటతోనే తాడులా కనిపించింది. సంబరపడి ఫొటో తీసి చెల్లికి పంపాను. తర్వాత చివర ముక్క తుంచి నోట్లో వేసుకుంటే వాము వాసన. ఎంత తోమినా పోలేదు చూడండి, కిందటి పండక్కి చేసిన జంతికల కారం ఆ బిళ్ల సందుల్లో ఇంకా ఉంది.

వాము సంగతి వదిలేసినా అది మోకులా లేదు. ఐసింగ్ గొట్టంతో కేక్ మీద వేస్తారే క్రీం వరస, అలా ఉంది. మోకుకి రెండో మూడో పేటలుంటాయి, ఒక్కో పేట లావుగా ఉబ్బి కనిపించాలి. గొట్టం పక్కన పెట్టేశాను.

ఆగస్టు 2, శనివారం

చేత్తో పేటలు దొర్లించాను. చేగోడీలు దొర్లించిన చేతులే కదా ఏముందిలే అనుకున్నాను గానీ, చేగోడీ జానెడు పొడవు, ఇది మీటరు. మధ్యలో లావు, చివర్లు సన్నం, ఒకచోట పాము మింగిన ఎలకలా ఉబ్బు. ఇలాంటి రెండు పేటలు కలిపి మెలేస్తే సన్నగా ఉన్నచోట మెలికలన్నీ పోగవుతాయి, లావుగా ఉన్నచోట మెలికే పడదు.

పైగా ఇవాళ ఉక్క చెప్పనలవి కాదు. వాన కురవదు, మబ్బు పోదు. ఫాండెంట్ అంటే మూడొంతుల పైన పంచదార పొడే, గాలిలో తేమ ఎంతుంటే అంత పీల్చుకుంటుంది, చేతికి జిగురుగా అంటుకుంటుంది. అంటుకుంటుంది కదా అని కార్న్‌ఫ్లోర్ చల్లుకుంటూ పోయాను, అదీ తప్పే, కార్న్‌ఫ్లోర్ పైపొర తేమ లాగేసి ఎండగొట్టింది, మెలి తిప్పగానే పేట పొడవునా ఎండిన చెరువులా బీటలు. ఫ్యాను కింద పని చేయడం ఇంకో తప్పు. లోపల మెత్తగా, పైన పొర గట్టిగా అయిపోయి ఏనుగు చర్మంలా ముడతలు పడింది.

రాత్రి మళ్లీ మొదలుపెట్టి ఫ్యాను ఆపి, కార్న్‌ఫ్లోర్ మానేసి, అరచేతులకి చుక్క డాల్డా మాత్రం రాసుకుని చేస్తే బీటలు సగానికి సగం తగ్గాయి. చెమటతో తడిసి ముద్దయ్యాననుకోండి.

ఆగస్టు 4, సోమవారం

పేట అంతా ఒకే లావు రావడానికి మా అబ్బాయి పెన్సిళ్లు తీసుకున్నాను. టేబుల్ మీద ఒక వరసలో మూడు పెన్సిళ్లు టేపుతో అంటించి, దానికి ఎదురుగా జానెడు ఎడంలో ఇంకో మూడు. మధ్యలో ఫాండెంట్ పేట. పైన ఫాండెంట్ నునుపు చేసే ప్లాస్టిక్ స్మూదర్ పెట్టి ముందుకీ వెనక్కీ దొర్లిస్తుంటే అది పెన్సిళ్ల మీద ఆనేదాకా సన్నబడుతుంది, ఆ తర్వాత ఇంక సన్నబడదు. పెన్సిల్ మందం దాదాపు 7 మిల్లీమీటర్లు, పేట కూడా అంతే. ఇంత చిన్న విషయానికి రెండు రోజులు పాడుచేసుకున్నాను. పై అంతస్తుకి కాస్త సన్నది కావాలి కాబట్టి ఐస్‌క్రీం పుల్లలు మూడేసి ఒకదాని మీద ఒకటి అంటించి వేరే సెట్టు చేశాను. వాడి పెన్సిళ్లు అప్పటికి ఆరూ పోయాయి, స్కూలుకి పెన్నుతో వెళ్లాడు.

మెలి వేస్తే పొడవు తగ్గుతుంది, ఎంత తగ్గుతుందనేది ఇవాళ కొలిచాను. మీటరు పొడవు పేటలు రెండు పక్కపక్కన పెట్టి, మూడు సెంటీమీటర్లకి ఒక పూర్తి చుట్టు వచ్చేలా మెలేస్తే తాడు 82 సెంటీమీటర్లు వచ్చింది. అంటే 84 సెంటీమీటర్ల బోర్డర్‌కి పేట కనీసం 103 ఉండాలి, చివర్లు కోసి పారేయడానికి ఇంకో ఏడు వేసుకుంటే 110. బరువు చూస్తే కింది తాడుకి 120 గ్రాములు అటూ ఇటూ పడుతోంది. బిగువుగా మెలేస్తే ఇంకా తగ్గుతుంది, వదులుగా అయితే తక్కువ తగ్గుతుంది. ఇది ముందు తెలిస్తే పోయిన ఏడాది ఒక బారసాల కేక్ వెనక అతికించిన సీతాకోకచిలుక అవసరం ఉండేది కాదు.

సీఎంసీ పౌడర్ (ఫాండెంట్‌ని గట్టిపరిచే పొడి) సంగతి కూడా ఇవాళే తేలింది. పావుకిలో ఫాండెంట్‌కి ఒక చెంచా వేస్తే పూరేకులకి బాగుంటుంది గానీ తాడుకి పనికిరాదు, వంచగానే పటుక్కున విరిగింది. అర చెంచా వేసి, బాగా మర్దించి, కవర్లో గాలి తగలకుండా చుట్టి అరగంట వదిలేస్తే సరిగ్గా ఉంది, జారిపోదు, విరగదు.

ఆగస్టు 6, బుధవారం

ఇవాళ చాలా రాయాలి.

పొద్దున్న తాడు చేశాను. రెండు పేటలూ సమానం, బీటల్లేవు, మెలికలన్నీ ఒక్క లెక్కన ఉన్నాయి. కొబ్బరి పీచు రంగు కోసం బ్రౌన్ జెల్‌లో చుక్క పసుపు రంగు కలిపాను. పీచులా కనిపించాలని కొత్త దువ్వెన ఒకటి తెచ్చి, మెలేసే ముందు పేటల మీద పొడవునా సన్నటి గీతలు గీశాను. ఇంక అయిపోయిందనే అనుకున్నాను. ట్రేలో పెట్టి అరుగు మీద కూర్చున్న మావయ్య గారికి చూపించాను, ఆయనది అంబాజీపేట దగ్గర ఊరు, చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ కొబ్బరి పీచుతో తాడు పేనేవాళ్లు, ఇప్పటికీ నులక మంచం వదులైతే ఆయనే బిగిస్తారు.

చూశారు. కళ్లజోడు తెప్పించుకుని మళ్లీ చూశారు.

"బానే ఉందమ్మా, పిప్పరమెంటు కర్రలా ఉంది" అన్నారు.

నాకు ఉక్రోషం వచ్చింది. "అదేంటి మావయ్య గారూ, తాడు అలాగే కదండీ ఉంటుంది, రెండు పేటలు మెలేసి?" అన్నాను. ఆయన ఏం మాట్లాడలేదు, లోపలికెళ్లి గడప పక్కన ఉన్న కొబ్బరి తాడు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. "పేటలు ఎటు పోతన్నాయో చూడు. ఇప్పుడు పేటలో పీచు ఎటు పోతందో చూడు."

చూశాను. ఇన్నేళ్లుగా బావి చేద దగ్గర్నుంచి బట్టలారేసుకునే దండెం దాకా రోజూ ముట్టుకునేదే, ఒక్కసారి కూడా చూడలేదు నేను. పేటలు ఏటవాలుగా చుట్టుకుని పోతున్నాయి, కానీ ఆ పేట మీద పైకి కనిపించే పీచు ఏటవాలుగా లేదు, తాడు ఎటు పోతోందో అటే, దాదాపు నిటారుగా ఉంది. నా తాడులో పేటా ఏటవాలే, దాని మీద గీతలు ఇంకా ఏటవాలు. మర మేకులా ఉంది. ఆయన పిప్పరమెంటు అన్నది అందుకే.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. పీచుని ముందు పేటగా పేనేటప్పుడు ఒక వైపు పురి పెడతారు, కుడి వైపు అనుకుందాం. అలాంటి పేటలు రెండో మూడో కలిపి తాడు వేసేటప్పుడు ఎడమ వైపు తిప్పుతారు. పేట తన పురి విప్పుకోవాలని ఒక వైపు లాగుతుంటుంది, తాడు తన మెలిక విప్పుకోవాలని రెండో వైపు లాగుతుంటుంది, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టే తాడు వదిలేసినా విడిపోదు. రెండూ ఒక వైపే తిప్పితే చెయ్యి వదలగానే గిర్రున తిరిగి విడిపోతుంది. "తాడు వేసేటప్పుడు కూడా పేటకి పురి ఎక్కిస్తానే ఉండాలమ్మా, లేకపోతే అటు మెలేస్తుంటే ఇటు పురి పోతా ఉంటది" అన్నారు. పేటకీ తాడుకీ పురి ఎదురెదురుగా ఉండబట్టే పైకి కనిపించే పీచు తిన్నగా వచ్చేది.

నా ఫాండెంట్‌కి విడిపోయే బాధ లేదు, దానికి పీచు లేదు కదా, మెలేసిన తాడుని ఓ పది నిమిషాలు వదిలేస్తే కాస్త వెనక్కి తిరిగి అక్కడే ఆగిపోతుంది. కాబట్టి పట్టు కోసం నాకు ఎదురు పురి అక్కర్లేదు. కానీ కంటికి కావాలి. సరంగు గారి కంటికి మరీ కావాలి.

సాయంత్రం ప్రయత్నించాను, పేటకి ముందే ఎదురు పురి పెట్టి, తర్వాత తాడు మెలేయడం. తాడుకి పది చుట్లు వేస్తే పేటకి పది ఎదురు చుట్లు చాలనుకున్నాను, చాలలేదు. రెండు పేటల్నీ కలిపి చివర పట్టుకుని తిప్పుతుంటే ఒక్కో పేట కూడా ఆ వైపుకే తిరిగిపోతుంది కదా, ముందు పెట్టిన పురి అంతా దానికే ఖర్చయిపోయింది. మావయ్య గారు చెప్పింది అదే. ఇరవై పెడితే గానీ గీతలు నిటారు కావు. ఇరవై పెట్టేసరికి పేట అంతా బీటలు.

పీచుకి ఉన్న ఓపిక పంచదారకి లేదు. పడుకున్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

వ్రతం. పని లేదు. పూర్ణాలు 120 చేశాం.

ఆగస్టు 10, ఆదివారం

దొరికింది!

నిన్న పూజ సామాను సర్దుతుంటే అటక మీద గవ్వల చెక్క కనబడింది. గవ్వలు చేసుకునే చెక్కే, అరచెయ్యంత, పైన నిలువు గీతలు చెక్కి ఉంటాయి. అది పట్టుకుని అలా నిలబడిపోయాను. పేటకి పురి పెడితే కదా బీటలు, పురి పెట్టకుండా పురి గీతలు మాత్రం గీస్తే?

ఎలాగంటే, పేటని గవ్వల చెక్క మీద గీతలతో పాటుగా పెట్టి దొర్లిస్తే పేట పొడవునా తిన్నటి గీతలు పడతాయి. అదే పేటని గీతలకి ఏటవాలుగా పెట్టి దొర్లిస్తే పేట చుట్టూ తిరుగుతూ పోయే గీతలు పడతాయి, అచ్చం పురి పెట్టినట్టే, కానీ లోపల పిండి ఏమీ మెలి తిరగలేదు. ఇప్పుడు ఈ రెండు పేటల్నీ ఎదురు వైపుకి మెలేస్తే ఆ వాలు గీతలు తిరిగి తిరిగి తాడు వైపుకి తిన్నగా వచ్చేస్తాయి.

మొదటిసారి వాలు తప్పు వైపు పెట్టాను. అప్పుడొచ్చింది చూడండి అసలు పిప్పరమెంటు, ముందు దానికి తాత. రెండోసారి చెక్కని అటు తిప్పి, దాదాపు సగం వాలులో, అంటే చదరానికి మూలనుంచి మూలకి గీత గీస్తే ఎంత వాలుంటుందో అంత, పెట్టి దొర్లించాను. చెక్క చిన్నది కాబట్టి మీటరు పేటని ముక్క ముక్కగా జరుపుకుంటూ పోవాలి, గీత గీతకి సరిగ్గా కలవదు, కలవకపోవడమే మంచిదైంది, పీచు ఎక్కడ కలుస్తుంది గనక. గట్టిగా నొక్కకూడదు, నొక్కితే పేట చదునైపోతుంది, అరచేత్తో ఒక్కసారి ముందుకి, అంతే, వెనక్కి తేకూడదు, వెనక్కి తెస్తే గీత మీద గీత పడి చెరిగిపోతుంది. చెక్కకి ముందు ఒక పూత డాల్డా.

తర్వాత మెలి. మూడు సెంటీమీటర్లకి చుట్టు కాకుండా నాలుగుకి ఒకటి వేశాను, కాస్త వదులు, మోకు అలాగే ఉంటుంది. ఇలా అయితే పొడవు కూడా తక్కువ తగ్గింది, 110 పేటకి 95 పైన వచ్చింది, మిగిలింది నాకు పనికొస్తుంది. మెలేసేటప్పుడు రెండు చివర్లు పట్టుకుని తువ్వాలు పిండినట్టు పిండడం కాదు. ఒక చివర టేబుల్‌కి గరిటె అడ్డం పెట్టి ఆపి, రెండో చివర నుంచి కుడి పేటని ఎడమ పేట మీదుగా వేస్తూ, జడ వేసినట్టు చేత్తో ఒక్కో చుట్టూ పరుచుకుంటూ పోవాలి. అప్పుడు పేట తనలో తాను తిరగదు.

ట్రేలో పెట్టి మళ్లీ అరుగు మీదకి తీసుకెళ్లాను. ఈసారి ఆయన కళ్లజోడు అడగలేదు. వేలితో నిమిరి, "ఆయ్, ఇది తాడు" అన్నారు. అని వెంటనే, "కానీ మరీ శుభ్రంగా ఉంది" అని కూడా అన్నారు. మావయ్య గారు ఒక మాట మెచ్చుకుంటే ఒక మాట కొసరు వేస్తారు.

ఆగస్టు 12, మంగళవారం

మరీ శుభ్రంగా ఉంది అన్నదానికి మందు వేశాను. రంగు పూర్తిగా కలవకుండా, ముదురు బ్రౌన్ ముద్దా లేత పసుపు ముద్దా పక్కపక్కన పెట్టి నాలుగు మడతలు మడిచి ఆపేస్తే పేట పొడవునా చారలు చారలుగా వస్తుంది. తాడయ్యాక, పొడి బ్రష్‌తో కోకో పొడి పేటలు కలిసే లోతుల్లో అద్ది, పైన ఉబ్బుల మీద ఉన్నది మెత్తటి బ్రష్‌తో దులిపేశాను. నీళ్లలో తడిసి ఎండిన మోకు రంగు వచ్చింది. బ్రష్ తడిగా ఉంటే మాత్రం కోకో మరకై కూర్చుంటుంది, అనుభవం.

అతుకు సంగతి. తాడు చుట్టూ తిరిగొచ్చి రెండు చివర్లు కలిసే చోటు. అడ్డంగా కోసి ఆనిస్తే కత్తి గాటు అలాగే కనపడుతుంది. పేట ఎటు వాలి ఉందో అటే వాలుగా కొయ్యాలి, రెండు చివర్లూ మెలికలో ఒకే చోట కొయ్యాలి, అంటే ఇటు చివర కుడి పేట పైకొచ్చిన చోట కోస్తే అటు చివర ఎడమ పేట పైకి రాబోయే చోట కొయ్యాలి. పక్కింటి పిన్ని గారు లేసు అల్లుతారు, నర్సాపురంలో లేసు అల్లని ఇల్లెక్కడ ఉంది లెండి, ఆవిడ క్రోషా సూది ఆపకుండానే తల తిప్పి చూసి, "చివర దారం పైన ముడేస్తామా ఏంటి, లోపలికి తోసేస్తాం గానీ" అన్నారు. ఆ మాట పట్టుకుని ఒక చివర పేట కొనని సన్నగా నలిపి రెండో చివర పేటల మధ్య సందులోకి దూర్చాను. అతుకు ఎక్కడో నాకే వెతుక్కోవాల్సి వచ్చింది.

జిగురు: పావు చెంచా సీఎంసీ పౌడర్ రెండు పెద్ద చెంచాల నీళ్లలో వేసి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి కరిగి జిగురైపోతుంది. అప్పటికప్పుడు కలిపితే ఉండలు కడుతుంది, ఎంత గిలక్కొట్టినా పోవు.

ఆగస్టు 15, శుక్రవారం

నిన్న కేకులు బేక్ చేసి, గనాష్ పట్టించి, ఇవాళ ఫాండెంట్ కప్పాను. గనాష్ మామూలుగా డార్క్ చాక్లెట్ రెండు వంతులకి క్రీం ఒక వంతు అంటారు, మా ఉక్కకి నేను రెండున్నరకి ఒకటి వేస్తాను. కూల్ కేక్ మీద ఫాండెంట్ వేసివ్వమని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు, నేను వెయ్యను. ఆ క్రీంలో తడి పైకొచ్చి ఫాండెంట్‌ని కరిగిస్తుంది, రెండు గంటల్లో కేక్‌కి చెమట్లు.

కింది తాడు, పై తాడు చుట్టాను. ఇంతవరకూ నల్లేరు మీద నడక. కానీ మిగిలిన సన్న తాడు చూసి నాకు ఆశ పుట్టింది. కింది అంతస్తు పక్కల మీద తోరణంలా మూడు చోట్ల వేలాడదీస్తే ఎంత బాగుంటుందో అని, ఎవరూ అడగలేదు, నేనే వేశాను. రాత్రి పదకొండుకి చూస్తే ఒకటి జారి కింద మోకు మీద పడుకుని ఉంది, ఇంకోటి సగం దిగింది. జిగురు ఎక్కువ పూశాను, ఎక్కువ పూస్తే అది పట్టుకోదు, కింద ఫాండెంట్‌ని మెత్తబరిచి జారుడుబల్ల చేస్తుంది. అదీ కాక బోర్డు మీద ఆనుకుని కూర్చునే తాడుకి బరువు బాధ లేదు, గాల్లో వేలాడేదానికి దాని బరువంతా రెండు కొసల మీదే.

మూడూ తీసేశాను. తీసిన చోట మరకలు పడితే అరగంట కూర్చుని పొడి బ్రష్‌తో, పంచదార పొడితో సరిచేశాను. ఆ మరకల మీద ఒక చిన్న లంగరు చేసి అతికించాను, చూసినవాళ్లు కావాలనే పెట్టాననుకుంటారు.

ఆగస్టు 16, శనివారం

పొద్దున్నే మా ఆయన వచ్చి చల్లగా చెప్పారు, గోదారికి నీళ్లొస్తున్నాయి, పంటు ఆపేశారంట అని. రేవు దాటితే అవతల సఖినేటిపల్లే, ఇక్కణ్ణుంచి కనపడుతుంది కూడా. ఇప్పుడు పాలకొల్లు మీదుగా వెళ్లి చించినాడ బ్రిడ్జి దాటి, దిండి, రాజోలు చుట్టి రావాలి. పంటు సరంగు గారి కేక్‌కి పంటే లేకపోవడం ఏంటో. గతుకులు ఎన్నున్నాయో ఆ దారిలో తెలిసినవాళ్లకి తెలుసు, రెండు అంతస్తులు కలిపి తీసుకెళ్లే ధైర్యం లేక విడివిడి డబ్బాల్లో పెట్టి, అక్కడే నిలబెట్టి, పై తాడు అక్కడే చుట్టాలని డిసైడయ్యాం. అంటే నిన్న చుట్టిన పై తాడు పీకి, కొత్తది చెయ్యాలి. మధ్యాహ్నం అదే పని. గంటన్నర పట్టింది, మొదటిసారి అదే తాడుకి నాకు రెండు వారాలు పట్టింది.

కొత్త తాడు వంకర తిరక్కుండా 6 అంగుళాల టిన్ను చుట్టూ వెన్న కాగితం మీద గుండ్రంగా పరిచి ఉంచాను, తిన్నగా పెట్టి ఆరబెడితే అక్కడ వంచేటప్పుడు బయటి వైపు పగులుతుంది. రాత్రికి కవర్ కప్పాను, గట్టిగా కాదు, ఊపిరాడేలా.

కేకులు ఏసీ గదిలో, అట్టపెట్టెల్లో. ఫ్రిజ్‌లో పెట్టక తప్పకపోతే పెట్టె మూసే పెట్టాలి, బయటికి తీశాక కూడా చల్లదనం పోయేదాకా పెట్టె తెరవకూడదు. తెరిచారంటే గాల్లో తేమంతా చల్లటి కేక్ మీద వాలుతుంది, ఆ నీటిచుక్కలు తాడు గీతల్లో దిగితే కోకో కారిపోతుంది.

ఆగస్టు 17, ఆదివారం

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. నేను వెనక సీట్లో కింది అంతస్తు పెట్టె ఒళ్లో పెట్టుకుని, ఏసీ మా ఆయనకి జలుబు చేసేంత పెట్టించి. బ్రిడ్జి మీద ఆగి చూస్తే వశిష్ఠ గోదారి ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకుంటూ పోతోంది. స్పీడ్ బ్రేకర్ దగ్గరల్లా మా ఆయన ఎద్దుబండి తోలినట్టు తోలారు, ఆయన్ని ఇలా ఎప్పుడూ చూడలేదు.

అక్కడికి వెళ్లి పెట్టె తెరిస్తే కింది తాడు చెక్కు చెదరలేదు. ఒకచోట కోకో పొడి నా చీర కొంగుకి అంటింది, అంతే. పైది నిలబెట్టి తాడు చుట్టడం మొదలుపెట్టాను. పెళ్లింటంత హడావిడి, పందిట్లో వంటవాళ్లు, పిల్లలు టేబుల్ చుట్టూ, ఒక పిల్లాడు లంగరు పీకబోతే వాళ్ల అత్త వీపు మీద ఒక్కటిచ్చింది. అప్పుడు వచ్చారు సరంగు గారు, పట్టు పంచె, నుదుట బొట్టు, మెళ్లో దండ ఇంకా వేయలేదు. కేక్ చూడలేదు ఆయన. తిన్నగా తాడు దగ్గరికొచ్చి నడుం వంచి చూశారు, కింది తాడు చుట్టూ తిరిగారు, మళ్లీ పైది చూశారు.

"అమ్మా, కిందది ఎవరు వేశారు?"

"నేనేనండి."

"పైది?"

"అదీ నేనేనండి."

"మరి ఇది కుడికి, అది ఎడంకి ఉందేంటి?"

చూశాను. నిజమే. శనివారం మధ్యాహ్నం కంగారులో గవ్వల చెక్కని ఎదురుగా పెట్టాను, దానికి తగ్గట్టు మెలికా ఎదురుగానే వేశాను, కాబట్టి పీచు గీతలు నిటారుగానే వచ్చాయి, నాకు తేడా తెలియలేదు. మూడు వారాలు అదే పని మీద ఉన్నదాన్ని నాకు కనపడలేదు, ఆయనకి నిమిషం పట్టలేదు. నా మొహం చూసి నవ్వేశారు. "పర్లేదమ్మా, రేవులో కూడా రెండూ ఉంటాయి, ఎవడు పేనింది వాడిది" అన్నారు. తర్వాత కింది తాడు వెనక వైపు, సరిగ్గా అతుకు మీద వేలు పెట్టి, "ఇక్కడ కలిపావు కదూ" అన్నారు. పిన్ని గారికి ఈ మాట చెప్పకూడదు.

కేక్ కోశాక ఆ కింది మోకు ఎవరికీ ఇవ్వలేదంట, జానెడు ముక్క ఆయన కండువాలో మూటగట్టుకున్నారని వాళ్ల అమ్మాయి సాయంత్రం ఫోన్‌లో చెప్పింది. ఈ ఉక్కలో అది రెండు రోజులు కూడా ఉండదు, కండువా అంతా పాకం అవుతుంది, డబ్బాలో పెట్టించమన్నాను.

తిరిగొచ్చేసరికి పన్నెండు. మావయ్య గారు అరుగు మీదే ఉన్నారు, ఏమన్నారని అడిగారు. కుడి ఎడమ సంగతి చెప్పాను. "నేనూ చూశాలే నిన్న" అన్నారు.

"మరి చెప్పలేదేంటండీ!"

"నువ్వు అడగలా."

మిగిలిన తాడు ఫాండెంట్ 180 గ్రాములు ఉంది, డాల్డా రాసి కవర్ చుట్టి డబ్బాలో పెట్టాను. గవ్వల చెక్క మీద ఇటు నుంచి అటు పోయే బాణం గుర్తు స్కెచ్ పెన్నుతో వేశాను, అత్తయ్య గారు చూడకముందే. 24న సీమంతం కేక్ ఉంది, దానికి తాడు కాదంట, పూలజడంట, మూడు పాయలు.